ఫ్రీగా చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టగలమా?

(భీమవరంలో డిజైన్ విద్యార్థులు, కొత్తగా ఫ్రీలాన్స్ మొదలుపెట్టినవారి కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని చేర్చాం.)

అందరికీ నమస్కారమండి.

వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి. ముందు వరస ముఖ్య అతిథులకే అన్న నియమం ఇవాళ లేదు.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం, పోర్ట్‌ఫోలియో కోసం, అంటే పని ఇచ్చేవాళ్లకి చూపించుకునే మన పనుల సంపుటి కోసం, ఫ్రీగా పని చెయ్యాలా వద్దా అని. దీనికి మీరు ఇప్పటికే రెండు జవాబులు వినుంటారు. సీనియర్లు చెప్పేది ఒకటి: మేమందరం మొదట్లో ఊరికే చేసినవాళ్లమే, నువ్వూ చెయ్యి. ఇంటర్నెట్‌లో కనిపించేది ఇంకొకటి: ఒక్క గీత కూడా ఊరికే గీయొద్దు, నీ కళని నువ్వే అవమానించుకోవద్దు. మొదటిది నాకు నచ్చదు. రెండోది కూడా అంతగా నచ్చదు. గౌరవం, అవమానం అంటూ కూర్చుంటే ఈ నెల ఫోన్ రీచార్జి ఎవరు చేయిస్తారు?

నా మాట వేరు. ఊరికే చేసిన పనితో పోర్ట్‌ఫోలియో తయారవదు. చాలాసార్లు ఉన్నది కూడా పాడవుతుంది. డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పని ఎలా తయారవుతుందో చూడండి.

మన వైపు ఫ్రీ పని ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. నాన్నగారి స్నేహితుడొకాయన రొయ్యల మేత డీలర్‌షిప్ తీసుకుంటాడు. లేకపోతే పిన్నిగారి ఆడపడుచు బొటిక్ తెరుస్తుంది. "మీ అబ్బాయి కంప్యూటర్లో బొమ్మలేస్తాడంట కదా, ఓ లోగో వేసిపెట్టమనండి, వాడికీ ప్రాక్టీసు అవుద్ది" అని కబురొస్తుంది. ఆ కబురు మీ దాకా రాదు, మీ ఇంటికొస్తుంది. అమ్మ సరేనంటుంది. బేరం మీరు లేకుండానే అయిపోయింది. మొహమాటం మీద మనకో సామెత ఉంది, వేదిక మీద చెప్పేది కాదు, మీ అందరికీ తెలిసిందే. (నవ్వులు)

పని మొదలవుతుంది, వివరాలు మాత్రం రావు. కొనేవాళ్లెవరు, బోర్డు ఎంత పొడవు, షాపు రోడ్డుకి ఏ పక్క, సంచి మీద కూడా వెయ్యాలా, ఒక రంగులో ముద్రిస్తారా నాలుగు రంగుల్లోనా, ఏదీ చెప్పరు. అడిగితే "నీకు తెలీందేముంది బాబూ, బాగుండేలా చెయ్యి" అంటారు. ఆయన చెడ్డవాడు కాదు. డబ్బు పెట్టనిచోట మనిషి బుర్ర కూడా పెట్టడు, అంతే. అదే 8,000 రూపాయలు ఇవ్వాల్సి వస్తే, ఇచ్చేముందు రాత్రి పడుకుని ఒక్కసారైనా అనుకుంటాడు, ఈ లోగో నాకు దేనికి, ఎవరు చూడాలని. మనకి కావలసిన సరుకు ఆ ఆలోచనే. ఫ్రీ పనిలో దొరకనిదీ అదే.

మూడు నమూనాలు పంపుతారు. "మూడూ బాగున్నాయి" అని జవాబు. అంటే ఒక్కటీ సరిగ్గా చూడలేదన్నమాట. వారం తర్వాత రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ వస్తుంది. మా బావమరిది చూశాడు, ఎరుపు ఇంకాస్త పెంచమంటున్నాడు, పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ పెట్టమంటున్నాడు, రొయ్య కొంచెం నవ్వుతూ ఉంటే బాగుంటుందంటున్నాడు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ ఇంటికెళ్లేటప్పుడు జువ్వలపాలెం రోడ్డులో బోర్డులు చూసుకుంటూ వెళ్లండి.

బావమరిది డబ్బిచ్చిన పనిలోనూ వస్తాడు, ఆయన్ని ఆపే శక్తి ఎవరికీ లేదు. అయితే అప్పుడు మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది: ఈ ధరలో రెండు మార్పులు, ఆపైన ప్రతి మార్పుకీ ఇంత. ఫ్రీ పనికి ఆ కాగితం ఉండదు. ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియదు. చివరికి విసుగొచ్చి ఆయన అడిగినట్టే చేసి పంపేస్తారు. ఇప్పుడు చెప్పండి, దాన్ని పోర్ట్‌ఫోలియోలో పెడతారా? హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మీకు ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని మీ పని చూసే ఆవిడ ఒకటే అడుగుతుంది, ఇది ఎందుకిలా చేశావని. "బావమరిదిగారు అడిగారండి" అని చెప్పలేరు కదా. పోర్ట్‌ఫోలియోలో ఆవిడ చూసేది మీరు తీసుకున్న నిర్ణయాలు. ఫ్రీ పనిలో నిర్ణయాలన్నీ వేరేవాళ్లవి, రాత్రిళ్లు మాత్రం మీవి.

అసలు మన దగ్గర డిజైన్‌కి విడిగా డబ్బు అడగడం ఎందుకింత కష్టం? దీనికి కారణం మన బజార్లోనే ఉంది. ఫ్లెక్సీ షాపుకి వెళ్లండి. బిల్లు చదరపు అడుగుల్లో ఉంటుంది. పెళ్లి కార్డుల షాపుకి వెళ్లండి, కార్డు ఒక్కింటికి ఇంత, ఇన్ని కార్డులు. డిజైన్ అన్న వరస ఆ బిల్లులో ఉండదు. "డిజైన్ ఫ్రీ అండి" అని ఓనరే చెప్తాడు, మర్యాదగా.

ఫ్లెక్సీ రాకముందు ఇలా లేదు. గుడ్డ బ్యానర్ రాసే ఆర్టిస్టు ఉండేవాడు, గోడల మీద రాసే ఆర్టిస్టు ఉండేవాడు. నిచ్చెనెక్కి సున్నం గోడ మీద అక్షరం దించుతుంటే సైకిళ్లు ఆపుకుని చూసేవాళ్లు. బ్యానర్‌కి డబ్బంటే ఆ అక్షరాలకే డబ్బు. గుడ్డ ఖరీదు ఎంతని? మెషీన్ వచ్చాక రాసే చెయ్యి లోపలి గదిలోకి, ఏసీ చల్లదనంలోకి వెళ్లిపోయింది. బయటికి కనిపించేది మెషీన్, దాన్లోంచి వచ్చే షీటు. జనం కనిపించేదానికే డబ్బిస్తారు, అది మామూలే.

షాపు ఓనర్ని తిట్టాలని ఇదంతా చెప్పడం లేదు. ఆయన అమ్మేది ప్రింటు. లోపల కూర్చున్న ఆపరేటర్‌కి నెల తిరిగేసరికి జీతం ఇస్తున్నాడు. అంటే డిజైన్ అక్కడ ఫ్రీ కాదు, అడుగు రేటులో కలిసిపోయి ఉంది. "ఫ్లెక్సీ షాపులో ఊరికే చేస్తారు, నువ్వు డబ్బులడుగుతావేంటి" అని ఎవరైనా అంటే ఈ లెక్కే చెప్పండి. అక్కడా మీరు కడుతున్నారండి, బిల్లులో రాయలేదంతే. నా దగ్గర ఫ్లెక్సీ మెషీన్ లేదు కాబట్టి నాకు విడిగా కట్టాలి.

ఇక్కడ మీలో కొందరికి నచ్చని సలహా ఒకటిస్తాను. ఏడాదిపాటు చుట్టాలకి ఫ్రీ లోగోలు వెయ్యడం కన్నా ఆరు నెలలు ఫ్లెక్సీ షాపులోనో ఆఫ్‌సెట్ ప్రెస్సులోనో జీతానికి చేరండి. జీతం తక్కువే. కానీ జీతం. నవ్వుతున్నారు, నాకు కనిపిస్తోంది. మీరు కాలేజీలో ఇన్ఫర్మేషన్ హైరార్కీ అని, అంటే ఏది ముందు కనిపించాలి ఏది తర్వాత అని, చదువుకున్నది అక్కడ రోజూ జరుగుతుంది. ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి వచ్చిందనుకోండి. పైన పార్టీ పెద్దలు, మధ్యలో నిలువెత్తు ఎమ్మెల్యేగారు, కింద ఇరవైమంది గ్రామ నాయకులు. ఎవరి తలకాయ ఎవరికన్నా పావు అంగుళం పెద్దది కావాలి, ఎవరు ఎవరి పక్కన ఉండకూడదు, శుభాకాంక్షలు తెలిపేవారి పేరు ఏ సైజులో వెయ్యాలి? పొరపాటు చేస్తే సాయంత్రానికి షాపు ముందుకి బండ్లు వస్తాయి. ఇంత కఠినమైన పరీక్ష ఏ డిజైన్ స్కూల్లోనూ పెట్టరు. (నవ్వులు, చప్పట్లు)

ఇంకా అక్కడ నేర్చుకునేవి చాలా ఉన్నాయి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీదకొచ్చేసరికి ఎందుకు చచ్చిపోతుంది, కత్తిరింపుకి అంచులో ఎంత వదలాలి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పది అడుగుల బోర్డుకి ఎందుకు పనికిరాదు, ప్రెస్సుల్లో వాడే పాత అను ఫాంట్లలో టైప్ చేసింది, ఫోన్లలోనూ నెట్‌లోనూ వాడే యూనికోడ్‌లోకి మారేటప్పుడు ఒత్తులు ఎక్కడ ఎగిరిపోతాయి. ఇవన్నీ తప్పు జరిగినప్పుడే తెలుస్తాయి. ప్రెస్సులో ఆ తప్పులు ఇంకొకరి ఖర్చు మీద, జీతం తీసుకుంటూ నేర్చుకుంటారు.

ఫ్రీ పనికి ఇంకో రూపం ఉంది, దాన్ని మీరు ఫ్రీ అనుకోరు. "శాంపిల్ చేసి చూపించండి, నచ్చితే ఆర్డర్ మీకే." రైసు మిల్లులు, మేత కంపెనీలు, హేచరీలు అన్నిచోట్లా ఇదే మాట. బియ్యం బస్తా డిజైన్ మన వైపు చిన్న పనేం కాదు. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ బరువున్న ప్యాకింగ్ బియ్యానికి కూడా 5 శాతం జీఎస్టీ వచ్చింది. అంతకుముందు రిజిస్టరైన బ్రాండ్లకే ఉండేది. వెంటనే బజార్లోకి 26 కిలోల బస్తాలు వచ్చేశాయి. ఒక కిలో పెరిగితే బస్తా మీద ప్రతి అక్షరం మళ్లీ సర్దాలి, అచ్చు మళ్లీ చేయించాలి. అలాంటి పని ఉన్నప్పుడు మిల్లాయన ఐదుగురిని శాంపిల్ అడుగుతాడు. ఐదుగురూ చేస్తారు. ఒకరికి ఆర్డర్ వస్తుంది, లేదా ఎవరికీ రాదు. కొన్నాళ్లకి మీరు వేసిన వరికంకి కొంచెం వంపు మారి ఎక్కడో బస్తా మీద కనిపిస్తుంది. అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం.

నలుగురూ చూసే పోటీల సంగతీ అంతే, కాస్త పెద్దమనిషి తరహాలో. మన రూపాయి గుర్తు పోటీలోనే వచ్చింది. 2009లో ప్రకటించారు, మూడు వేలకి పైగా ఎంట్రీలు వచ్చాయి, 2010 జులై 15న ఉదయ కుమార్‌గారి గుర్తుని ఎంపిక చేశారు. బహుమతి రెండున్నర లక్షలు. ఆయన అప్పటికి ఐఐటీ బాంబేలో డిజైన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు, అక్షరాల మీదే పరిశోధన. దేవనాగరి రకారాన్నీ రోమన్ ఆర్‌నీ కలిపి ఆ గీత గీయడం లాటరీ తగలడం కాదు. నేను అడిగేది మిగతా మూడు వేల మంది సంగతి. దేశం కోసం ఒక గుర్తంటే సరదాగా ఒక ఆదివారం పెట్టొచ్చు, తప్పులేదు. ప్రతి కంపెనీ లోగో పోటీకీ ఆదివారం పెడుతూ పోతే మీకు సోమవారాలు కూడా మిగలవు.

ఫ్రీ పనిని సమర్థించేవాళ్లు అమెరికా నుంచి రెండు కథలు తెస్తారు. ఒకటి నైకీ గుర్తు. కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని 1971లో 35 డాలర్లకి గీసింది, చూడండి ఎంత పేరొచ్చిందో, అంటారు. ఆ కథలో జనం వదిలేసే ముక్క ఒకటుంది. ఆవిడ ఊరికే గీయలేదు. గంటకి రెండు డాలర్ల లెక్కన బిల్లు వేసింది. తక్కువే, కానీ బిల్లు ఉంది. కంపెనీ పెద్దదయ్యాక 1983లో వాళ్లే పిలిచి షేర్లు ఇచ్చారు. రెండోది మిల్టన్ గ్లేసర్. 1977లో న్యూయార్క్ రాష్ట్రం కోసం ఎర్ర హృదయం గుర్తు పెట్టి "ఐ లవ్ న్యూయార్క్" అని గీసిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. నిజమే. అప్పటికి ఆయన వయసెంత? 48. ఇరవై ఏళ్లకి పైగా స్టూడియో నడిపినవాడు, న్యూయార్క్ అన్న పేరుతోనే వచ్చిన పత్రికని స్థాపించినవారిలో ఒకడు. పోర్ట్‌ఫోలియో కోసం చెయ్యలేదు. దివాలా అంచుదాకా వెళ్లిన తన ఊరికి తన వంతుగా చేశాడు. మీరు 48 ఏళ్ల వయసులో భీమవరానికి అలాంటిది చేస్తానంటే నేనే వచ్చి దండ వేస్తాను.

అంత దూరం ఎందుకు, నరసాపురం వెళ్దాం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అల్లే లేసు సంగతి మీకు తెలుసు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన పని, ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. సన్నటి సూదితో దారం అల్లుతూ రోజులో ఎన్నో గంటలు కూర్చుంటారు. అల్లినది విదేశాలకి పోతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ ఊళ్లలో పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం వేసింది. ఆవిడ పట్టుకున్న విషయం ఇది: వాళ్లని ఎవరూ కార్మికులు అనరు. ఇంటిపని అయ్యాక తీరిక వేళ చేసుకునే కాలక్షేపం అంటారు. కాలక్షేపం కాబట్టి కూలి ఎంత తక్కువైనా ఎవరికీ తప్పుగా అనిపించదు. ఎగుమతి చేసేవాళ్లది మాత్రం వ్యాపారం.

"వాడికీ ప్రాక్టీసు అవుద్ది" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ లేసే గుర్తొస్తుంది. మీ గంటలకి ప్రాక్టీసు అని పేరు పెట్టేశాక వాటికి ధర అడగడానికి దారి మూసుకుపోతుంది. పైగా మనది చిన్న చోటు. తణుకులో మీరు మొదట చెప్పిన ధర పాలకొల్లుకి మీకన్నా ముందు చేరుతుంది. సున్నా అని చేరిందంటే దాన్ని పెంచడం మహా కష్టం.

ఇంకో విషయం, ఇది చెప్పడం ఇబ్బందే గానీ చెప్పాలి. ఏడాది ఊరికే పని చెయ్యగలిగేది ఎవరు? పదెకరాల పొలమో రొయ్యల చెరువో ఉన్నవాళ్ల పిల్లలు. కౌలు రైతు కూతురు, ఆటో డ్రైవర్ కొడుకు ఏడాది ఆగలేరు. ఫ్రీ పని చేస్తేనే ఈ వృత్తిలోకి రానిస్తాం అని నియమం పెడితే వాళ్లిద్దరూ గుమ్మం బయటే ఉండిపోతారు, వాళ్లు ఎంత బాగా గీసినా. ఈ గదిలో చెరువులున్న ఇళ్ల పిల్లలు ఉంటే వాళ్లకో మాట. మీరు ఊరికే చేసిన ప్రతి లోగో పక్కవాడి ధరని కిందకి లాగుతుంది. మీకు అది తెలియకపోవచ్చు, వాడికి తెలుస్తుంది.

సరే, మరి పోర్ట్‌ఫోలియో ఎలా? క్లయింట్ లేకుండా చెయ్యండి. క్లయింట్ లేకుండా అంటే గాల్లో కాఫీ బ్రాండ్ ఒకటి ఊహించుకుని కప్పు మీద లోగో పెట్టడం కాదు. అలాంటి కప్పులు చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. మీ ఊళ్లో నిజంగా ఉన్న వస్తువుని తీసుకోండి.

ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తీసుకుందాం. రావులపాలెం వెళ్లి హైవే పక్క షాపుల దగ్గర ఒక సాయంత్రం నిలబడండి. ఎవరు కొంటున్నారు? కార్లలో వెళ్తూ ఐదు నిమిషాలు ఆగినవాళ్లు. డబ్బాని ఎలా పట్టుకుంటున్నారు, ముందు ఏం చదువుతున్నారు, బెల్లంవా చక్కెరవా అని అడగాల్సి వస్తోందా, డబ్బా చూస్తే తెలుస్తోందా? ఒకటి కొనుక్కుని హైదరాబాద్ బస్సులో పంపించి చూడండి, రేకులు ఏ గతిలో చేరాయో. అప్పుడు స్కేలు పెట్టి డబ్బా కొలవండి. చట్టప్రకారం దాని మీద ఏముండాలో రాసుకోండి: నికర బరువు, గరిష్ట చిల్లర ధర, తయారైన తేదీ, తయారీదారు పేరూ చిరునామా, ఫిర్యాదుకి నంబరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ ఆ గుర్తు వేసుకునే హక్కు నమోదు చేసుకున్నవాళ్లకే ఉంటుంది. కాబట్టి మీ డిజైన్‌లో దానికి చోటు ఉంచుతారా, ఉంచరా? ఇవన్నీ పెట్టాక మీ అందమైన బొమ్మకి ఎంత జాగా మిగిలిందో చూడండి. అక్కడ మొదలవుతుంది డిజైన్.

తర్వాత ప్రెస్సుకెళ్లి ధర అడగండి. వెయ్యి డబ్బాలకి నాలుగు రంగులైతే ఎంత, రెండు రంగులైతే ఎంత. రెండు రంగుల్లో చేసి చూపించండి, అది కష్టం కాబట్టి. ఇదంతా ఫొటోలతో, ఒక్కో నిర్ణయం కింద రెండేసి వాక్యాలతో, డిజైనర్లు తమ పని చూపించుకునే బిహాన్స్ వెబ్‌సైట్‌లో పెట్టండి. పైన స్పష్టంగా రాయండి, ఇది సొంతంగా చేసిన ప్రాజెక్టు, ఏ షాపూ చెయ్యమనలేదు అని. ఫలానా దుకాణం నా క్లయింట్ అన్నట్టు కనిపించేలా పెట్టకండి, ఆ అబద్ధం ఒక్క ఫోన్‌కాల్‌తో బయటపడుతుంది. మీకు డబ్బు రాలేదు, నిజమే. కానీ బావమరిది కూడా రాలేదు. ఇలాంటివి రెండు మూడు ఉంటే చాలు, కడియం నర్సరీ మొక్కకి కట్టే చీటీ తీసుకోండి, అమలాపురం బస్టాండులో బస్సుల బోర్డు తీసుకోండి.

ఫ్రీగా అసలు చెయ్యకూడదా అంటే, చెయ్యొచ్చు. మీ పని మీద ఇంకొకరు లాభం తియ్యనిచోట. తెలుగులో మనం ఇవాళ హాయిగా వాడుకుంటున్న రామభద్ర, మండలి, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో విడుదలయ్యాయి, సిలికానాంధ్ర అనే సంస్థ వాటిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఎవరైనా దించుకుని వాడొచ్చు. అలాంటి పనిలో చెయ్యి కలపండి. ఊరి గ్రంథాలయానికి, వరదలప్పుడు లంక గ్రామాలకి కరపత్రం వెయ్యాల్సి వస్తే, చెయ్యండి. అప్పుడు కూడా బిల్లు రాయండి. పని విలువ 6,000, తగ్గింపు 6,000, చెల్లించవలసింది సున్నా. వాళ్లు ఆ అంకె చూడాలి.

చట్టం గురించి రెండు ముక్కలు, ఎక్కువ విసిగించను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవాళ్లే మొదటి హక్కుదారులు. ఉద్యోగంలో చేసింది యజమానిది. ఫొటో, పెయింటింగ్ లాంటి కొన్ని రకాలు డబ్బిచ్చి చేయించుకుంటే చేయించుకున్నవాళ్లది. మీరు ఊరికే చేసిచ్చిన లోగోకి ఇవేవీ వర్తించవు. సంతకంతో రాసిస్తే తప్ప హక్కు మీ దగ్గరే ఉంటుంది. ఇది మీకు మంచిదని సంబరపడకండి. రేపు ఆయన వ్యాపారం పెరిగి ట్రేడ్‌మార్క్‌కి వెళ్తే అప్పుడు ఇద్దరికీ తలనొప్పి, మధ్యలో మీ నాన్నగారి స్నేహం.

ఇక డబ్బిచ్చే క్లయింట్లు ఆలస్యం చేస్తుంటే: చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైతే ఒప్పందం ఉన్నచోట 45 రోజుల్లోపు, లేనిచోట 15 రోజుల్లోపు కొన్నవాళ్లు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు వడ్డీ. అసలు భయం అది కాదు. మీకు గడువులోపు కట్టకపోతే, కట్టేదాకా కంపెనీ ఆ ఖర్చుని తన ఆదాయపు పన్ను లెక్కలో తీసేసుకోలేదు. మీ ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు చూస్తే కంపెనీ అకౌంటెంట్ మీకన్నా ముందు తొందరపడతాడు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సర్, మా మావయ్య కూతురి పెళ్లి. కార్డు నన్నే వెయ్యమన్నారు. వాళ్లని కూడా డబ్బులడగమంటారా?

మావయ్యని అడిగితే మీ అమ్మ నన్ను వెతుక్కుంటూ వస్తుంది. (నవ్వులు) వేసిపెట్టండి. కాకపోతే చదివింపుల దగ్గర పుస్తకం పట్టుకుని ఒకాయన కూర్చుంటాడు కదా, ఆయన చేత రాయించండి: పెళ్లి కార్డు డిజైన్, 4,000 రూపాయలు. మైకులో చదివిస్తే ఇంకా మంచిది, పందిట్లో ఉన్న నాలుగొందల మందికి మీ ధర తెలుస్తుంది. ఇంకోటి, ఆ కార్డు మీద బాపుగారి బొమ్మ పెట్టమంటారు, నెట్‌లోంచి దించి పెట్టేస్తారు. నరసాపురంలో పుట్టిన మనిషి కాబట్టి మన సొంతం అనుకుంటాం. ఆయన 2014లో పోయారు. కాపీరైట్ చనిపోయాక 60 ఏళ్లు, అంటే 2074 చివరిదాకా. మన గీతలకి డబ్బివ్వట్లేదని రెండు గంటల నుంచి బాధపడుతున్నాం కదా, ఆయన గీతకి మనం ఎంత ఇచ్చాం? బొమ్మ మీరే గీయండి.

ప్రశ్న: మొదటి క్లయింట్ తక్కువకి అడిగితే ఒప్పుకోవచ్చా సర్?

తక్కువ డబ్బుకి తక్కువ పని ఇవ్వండి. 3,000 ఉందంటే, 3,000కి షాపు బోర్డు ఒక్కటే. లోగో, విజిటింగ్ కార్డు, సంచి, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ 3,000కి అంటే వద్దు. డబ్బులేదు, బియ్యం బస్తా ఇస్తానంటే తీసుకోండి. దానికి ధర కట్టి బిల్లులో రాయండి. ఆయ్, నిజంగానే చెప్తున్నా. కొబ్బరికాయలు మాత్రం ఒప్పుకోకండి, మోసుకెళ్లలేరు.

ప్రశ్న: అసలు ఎంత అడగాలో ఎలా తెలుస్తుందండి?

పక్కవాడి రేటు అడక్కండి, మీ ఇంటి ఖర్చుతో మొదలుపెట్టండి. నెలకి మీకు 20,000 కావాలనుకుందాం, కరెంటు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ చందా అన్నీ కలిపి. నెలలో మీరు అమ్ముకోగలిగే గంటలు ఎన్ని? రెండొందలు కాదు. ఫోన్లు, తిరుగుళ్లు, బేరాలు, ఖాళీ రోజులు పోను 80 అనుకోండి. గంటకి 250. లోగోకి ఆలోచన, గీత, మార్పులు కలిపి 24 గంటలు పడితే 6,000. ఇది మీ కనీస ధర, దీని కిందకి వెళ్తే ఆ నెల మీ నాన్న డబ్బు కలుపుతున్నట్టు. భీమవరంలో 6,000 ఎవరిస్తారండి అంటారు. ఇవ్వనివాళ్లకి గంటలు తగ్గించండి, మూడు నమూనాల బదులు ఒకటి, మార్పులు ఒక్కసారి, 12 గంటలు, 3,000. సగం ముందు ఫోన్‌పేలో వెయ్యమనండి. మిగతా సగం అందాక పెద్ద ఫైల్ పంపండి, అందేదాకా చిన్న సైజు బొమ్మ మాత్రమే, మీ పేరు అడ్డంగా వేసి.